బాపు మీద పాట రాశాను, వినేవాళ్లే లేరు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర ఊరు. వయసు 27. మొబైల్ షాపులో పని చేస్తాను. చిన్నప్పటి నుంచి పాటలు రాసుకోవడం, బాణీ కట్టుకోవడం అలవాటు. మూడు పాటలు స్టూడియోలో పాడి నా సొంత యూట్యూబ్ ఛానల్లో పెట్టాను. ట్రాక్ నా ఫ్రెండ్ చేశాడు. అయినా ఒక్కోదానికి 18 వేల దాకా అయింది. రెండు లవ్ సాంగ్స్, మూడోది మా బాపు మీద. ఆయన పద్నాలుగేళ్లు మస్కట్‌లో మేస్త్రీ పని చేసి వచ్చాడు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు గానీ 640 వ్యూస్ దాటలేదు. ఇన్‌స్టాలో ఒకతను 15 వేలిస్తే లక్ష వ్యూస్ గ్యారంటీ అంటున్నాడు. కరీంనగర్‌లో ఒక ఛానల్ వాళ్లు బాపు పాటను 20 వేలకు పూర్తిగా ఇచ్చేయమంటున్నారు, మళ్లీ తీస్తారట. చిట్టీ ఎత్తుకుని లక్షన్నర పెట్టి నాలుగో పాట గ్రాండ్‌గా తీద్దామని కూడా ఉంది. స్పాటిఫైలో పెడితే ఏమైనా వస్తుందా? ఇంకోటి, షేర్ చేయండని అందరినీ అడగాలంటే అడుక్కున్నట్టుంటుంది, సిగ్గేస్తుంది. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

సమాధానం: తమ్ముడూ, మూడు పాటలూ విన్నాను. లవ్ సాంగ్స్ రెండూ పర్వాలేదు. నీ గొంతు బాగుంది, కానీ ఆ మాటలు, ఆ బీటు ఇప్పటికే చాలామంది దగ్గర విన్నవే. బాపు పాట అలా కాదు. సెలవు మీద ఇంటికొచ్చిన మనిషిని గుర్తుపట్టక నువ్వు అమ్మ వెనక దాక్కున్న సంగతి రెండో చరణంలో పెట్టావు చూడు, గల్ఫ్ ఇంట్లో పెరిగినవాడు తప్ప అది రాయలేడు. అందుకే నీ ప్రశ్నలన్నిటికీ ఆ పాటను ముందు పెట్టుకునే జవాబు చెప్తాను.

ఆ ఇన్‌స్టా అతనికి 15 వేలు ఇవ్వకు. బేరమాడితే ఐదుకు దిగొచ్చినా ఇవ్వకు. లక్ష వ్యూస్ గ్యారంటీ అనేవాళ్లు సాధారణంగా చేసేది రెండే పనులు. ఒకటి, బాట్లనే ప్రోగ్రాములతోనో, వరసగా పేర్చిన ఫోన్లతోనో లెక్క పెంచడం. ఇది యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. పట్టుకుంటే ఆ వ్యూస్ తీసేస్తారు, వీడియోకు, ఛానల్‌కు కూడా ముప్పే. రెండోది, నువ్విచ్చిన దాంట్లో కొంత ఖర్చుపెట్టి, ఎక్కడ యాడ్ చవకగా వస్తుందో అక్కడ నీ పాటను యాడ్‌గా తిప్పడం. తెలుగు రాని మనిషి ఫోన్లో నాలుగు సెకన్లు మోగి ఆగిపోతుంది. నంబర్ మాత్రం పెరుగుతుంది.

అసలు నష్టం ఆ తర్వాత తెలుస్తుంది. ఒక వీడియోను కొత్తవాళ్ల ముందు పెట్టాలా వద్దా అనేది యూట్యూబ్ ఎలా తేల్చుకుంటుంది? అప్పటిదాకా చూసినవాళ్లు ఎంతసేపు ఆగారు, చూశాక ఏం చేశారు అనేదాన్ని బట్టే. నీ పాటను ఇప్పుడు విన్న 640 మందిలో చాలామంది నిన్నెరిగినవాళ్లు, చివరిదాకా విన్నవాళ్లు. వాళ్ల మీదికి నాలుగు సెకన్లకే వెళ్లిపోయే లక్ష మందిని తెచ్చి పోస్తే, ఈ పాట ఎవరికీ నచ్చట్లేదని నువ్వే డబ్బులిచ్చి చెప్పించినట్టు అవుతుంది. పైగా లక్ష వ్యూస్ ఉండి కామెంట్లు పదకొండే ఉంటే చూసినవాళ్లెవరికైనా సంగతి అర్థమైపోతుంది. ఈవెంట్ వాళ్లు, వేరే ఛానళ్ల వాళ్లు మొదట చూసేది కామెంట్లే.

స్పాటిఫైలో ఇంకా కఠినంగా ఉంది. దొంగ స్ట్రీమ్స్, అంటే విన్నట్టు చూపించే దొంగ లెక్కలు, పెద్ద ఎత్తున బయటపడితే, 2024 నుంచి ఒక్కో పాటకు ఇంతని, పాటను యాప్‌లకు చేర్చే పంపిణీ కంపెనీ మీద జరిమానా వేస్తున్నారు. ఆ కంపెనీ దాన్ని నీ మీదికే నెట్టొచ్చు, పాట తీసేయొచ్చు కూడా. "నేను చేయలేదు సార్, ప్రమోషన్ అతను చేశాడు" అంటే వినేవాళ్లుండరు.

యాడ్ మీద ఖర్చు పెట్టడమే తప్పని నేననను. యూట్యూబ్ స్టూడియోలో ప్రమోట్ చేసుకునే ఆప్షన్ ఉంది, గూగుల్ యాడ్స్ ఉంది. అందులో నువ్వే నేరుగా గూగుల్‌కు కడతావు, ఏ ప్రాంతంలో చూపించాలో నువ్వే ఎంచుకుంటావు, మధ్యలో ఎవడూ ఉండడు. కానీ ఒకటి తెలుసుకో. మానిటైజేషన్‌కు, అంటే వీడియోల మీద యూట్యూబ్ డబ్బులివ్వడానికి, వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలంటారు కదా, యాడ్ ద్వారా వచ్చిన గంటలు ఆ లెక్కలోకి రావు. అందుకే యాడ్ ఆలోచన ఇప్పుడే వద్దు. పాట దానంతట అది కొంత నడిచాక, ఎవరికి నచ్చుతోందో తెలిశాక, నువ్వు పోగొట్టుకున్నా బాధపడని చిన్న మొత్తంతో చూడు.

దానికంటే ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరువు. ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చూపించే గీత ఒకటుంటుంది, ముప్పై సెకన్ల దగ్గర ఎంత శాతం మంది మిగిలారో రాసి ఉంటుంది. నీ వీడియో తీరు నేను చెప్తాను, గీతతో సరిపోతుందో లేదో చూసుకో. మొదట ఛానల్ లోగో తిరుగుతుంది. తర్వాత చెరువు మీద డ్రోన్ షాట్. తర్వాత సమర్పణ, కెమెరా, ఎడిటింగ్, డ్రోన్, ప్రత్యేక కృతజ్ఞతలని ఒక్కొక్క పేరూ వస్తుంది. నీ గొంతు వినపడేసరికి 52వ సెకన్ అవుతుంది. నిన్నెరగని మనిషి అప్పటిదాకా ఎందుకు ఆగుతాడు? స్టూడియోలోనే ట్రిమ్ చేసే వీలుంది, లింక్ మారదు, వ్యూస్ పోవు. పల్లవితోనే మొదలయ్యేలా కత్తిరించు. పేర్లన్నీ డిస్క్రిప్షన్‌లోకి మార్చు. మీ ఫ్రెండ్స్ ఏమీ అనుకోరు.

పాట పేరు కూడా చూడు. అందంగా ఉంది, కాదనను. కానీ టైటిల్‌లో గానీ డిస్క్రిప్షన్‌లో గానీ గల్ఫ్ అన్న మాటే లేదు, మస్కట్ అన్న మాట లేదు. బాపు గురించి, గల్ఫ్ గురించి పాట కావాలని వెతికేవాడికి నీది ఎలా దొరుకుతుంది? పేరు అలాగే ఉంచి పక్కన గల్ఫ్ బాపు పాట అని చేర్చు. తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయి. మనవాళ్లలో చాలామంది తెలుగు పాటను ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేసి వెతుకుతారు. పూర్తి సాహిత్యం డిస్క్రిప్షన్‌లో పెట్టు, రాసింది, బాణీ కట్టింది, పాడింది నువ్వేనని స్పష్టంగా ఉండాలి.

చిట్టీ సంగతి. ఎత్తకు. లక్షన్నర పెట్టి తీసినా అది 640 మంది చూసే ఛానల్లోకే వచ్చి పడుతుంది. నీకిప్పుడు ఉన్న లోటు వీడియోలో లేదు, పాట చేరాల్సిన మనుషులకు చేరకపోవడంలో ఉంది. నాలుగో పాట తప్పకుండా చెయ్యి, కానీ ఆడియోకు మాత్రం మంచి ఖర్చు పెట్టి, పెద్ద అక్షరాలతో లిరికల్ వీడియో చాలనుకో. నెలనెలా చిట్టీ కడుతూ, వ్యూస్ రాక, షాపు పనిలో మనసు పెట్టలేక పాటే మానేసిన పిల్లల్ని చూశాను. నువ్వు ఇంకో పదేళ్లు పాడాలి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతికి వస్తాను. చాలామంది కొత్త ఆర్టిస్టులకు "నీ పాట ఎవరు వింటారు?" అనడిగితే "అందరూ" అంటారు. నీకు ఆ ఇబ్బంది లేదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ పల్లెల్లో గల్ఫ్ తెలియని వాడకట్టు దొరకడం కష్టం. అటు రాయచోటి, రాజంపేట, కడప వైపు నుంచి కువైట్ పోయినవాళ్లు, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనులకు పోయిన ఆడవాళ్లు ఉన్నారు. వీళ్లకు దుబాయ్ అంటే మెరిసే బిల్డింగులు చూపించే పాటలు దొరుకుతాయి. క్యాంపులో ఒక్క గదిలో పదిమంది పడుకునే బతుకు, ఇంటికొస్తే కొడుకే గుర్తుపట్టని బతుకు పాటలో ఎంత తక్కువగా వినపడుతుందో నాకంటే నీకే తెలుసు. నీ పాట వాళ్ల సొత్తు.

కాబట్టి మొదలు మీ బాపు ఫోన్లోంచి పెట్టు. మస్కట్‌లో ఆయనతో పాటు రూమ్‌లో ఉన్నవాళ్లు, ఆ కంపెనీలో పనిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో అడుగు. కొందరు ఊళ్లకు వచ్చేసి ఉంటారు, కొందరు ఇంకా అక్కడే ఉంటారు. వాళ్లకు లింక్ ఒక్కటే పంపి ఊరుకోకు. మీ బాపుతో అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టించు. "మనం గాలా క్యాంపులో ఉన్నప్పటి సంగతులన్నీ పోరడు పాటలో పెట్టిండు, ఇను" అని ఆయన మాటల్లోనే, ఏ క్యాంపులో ఉన్నారో ఆ పేరు ఆయనే చెప్తాడు. తర్వాత లింక్. ఆ ఇరవై ముప్పై మందిలో ఎంతమంది తమ గ్రూపులో వేస్తారో చూడు. నీ గురించి కాదు, తమ గురించి వేసుకుంటారు.

షేర్ చేయమంటే అడుక్కున్నట్టుందన్నావు కదా. నీకు సిగ్గెందుకు వస్తోందంటే, ఆ పాటతో సంబంధం లేనివాళ్లను కూడా అడుగుతున్నావు కాబట్టి. పదో తరగతి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, క్రికెట్ గ్రూపు, అన్నిట్లో ఒకే మెసేజ్ వేసి "ప్లీజ్ లైక్ షేర్ సబ్‌స్క్రైబ్" అంటే ఎవరికైనా మొహం చెల్లదు. కానీ పద్నాలుగేళ్లు ఎడారిలో పనిచేసి వచ్చిన మనిషికి, ఆయన జీవితం మీద రాసిన పాట తీసుకెళ్లి "పెద్దనాయినా, ఇది విను" అనడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? అక్కడ నువ్వు ఇస్తున్నావు. అలా ఇవ్వగలిగిన చోటే అడుగు, మిగతా గ్రూపుల్ని వదిలెయ్. నాలుగు వందల మందికి పంపిన ఒకే మెసేజ్ కంటే నలభై మందికి పేరు పెట్టి పంపిన మెసేజ్ ఎక్కువ దూరం పోతుంది.

పంపే రోజు, వేళ కూడా చూసుకోవాలి. ఒమన్, కువైట్, ఖతార్, సౌదీల్లో శుక్రవారం సెలవు. గురువారం రాత్రి వంట, ఇంటికి వీడియో కాల్, కాస్త ఖాళీ. అప్పుడు పంపు. దుబాయ్ వైపు 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకు వారాంతం శని, ఆదివారాలకు మారింది, చాలా కంపెనీలు ఆదివారం సెలవిస్తున్నాయి కాబట్టి అక్కడివాళ్లకు శనివారం రాత్రి మేలు. మనకంటే ఒమన్, దుబాయ్ గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి పది దాటాక పంపినా వాళ్లు మేలుకునే ఉంటారు.

పూర్తి పాటతో పాటు చిన్న ముక్కలు కూడా చెయ్యి. నిమిషం లోపు, నిలువు వీడియో, తెర మీద తెలుగులో పెద్ద అక్షరాలు. పదిమంది పడుకున్న గదిలో సౌండ్ పెట్టుకోలేనివాడు కూడా చదువుకుంటాడు, స్టేటస్‌గా పెట్టుకుంటాడు. మొదటి ముక్క ఆ రెండో చరణమే. ఇంకోదాంట్లో పాట వద్దు, మీ బాపును కూర్చోబెట్టి మాట్లాడించు. ఖుబ్బూస్ రొట్టె ఎలా ఉండేది, మొదటి జీతంతో ఏం కొన్నాడు, విమానం ఎక్కిన రోజు ఎవరు తోలుకుపోయారు, అలా ఒక్కో వీడియోకు ఒక్క సంగతి. చివర్లో పది సెకన్లు నీ పాట వినిపిస్తే చాలు. ఆయనకు ఇష్టమైతేనే సుమా. కెమెరా ముందు కూర్చోనంటే బలవంతపెట్టకు, చేతులు మాత్రం చూపించి గొంతు వినిపించినా సరిపోతుంది. పాత పాస్‌పోర్టు, వీసా కాగితం చూపిస్తే మాత్రం నంబర్లు కనపడకుండా మూసెయ్.

కామెంట్లలో మొదటిది నువ్వే రాసి పైన పిన్ చెయ్యి. "మీ ఇంట్లో ఎవరు గల్ఫ్‌లో పనిచేశారు? ఎక్కడ, ఎన్నేళ్లు?" అనడుగు. జనం రాస్తారు తమ్ముడూ, ఒక్కోసారి పేరాలు పేరాలు రాస్తారు. ప్రతి ఒక్కరికీ జవాబివ్వు, దండం బొమ్మ పెట్టి వదిలేయకుండా రెండు మాటలు రాయి. నీ తర్వాతి పాటకు కావాల్సిన సంగతులు అక్కడే దొరుకుతాయి. ఎవరైనా ఫోన్ నంబర్ రాస్తే మాత్రం ఆ కామెంట్ తీసేసి విడిగా మాట్లాడు. గల్ఫ్ అన్న మాట కనపడ్డ చోటల్లా వీసా ఇప్పిస్తామనే దొంగ ఏజెంట్లు తిరుగుతుంటారు.

క్యాలెండర్‌లో ఒక రోజు రాసి పెట్టుకో: డిసెంబర్ 18, అంతర్జాతీయ వలస కార్మికుల దినం. ఆ వారంలో గల్ఫ్ కార్మికుల సంఘాలు సభలు పెడతాయి, పేపర్లు వార్తలు వేస్తాయి. నెల ముందే మీ వైపు సంఘం వాళ్లను కలిసి, ఆ సభలో ట్రాక్ లేకపోయినా పాడతానని చెప్పు. పత్రికల జిల్లా పేజీల విలేకరికి కూడా అప్పుడే ఫోన్ చెయ్యి. ఆయనకు కావాల్సింది ఒక పేజీ సమాచారం, నువ్వూ బాపూ కలిసి ఉన్న మంచి ఫొటో, పాట లింక్. "మొబైల్ షాపులో పనిచేసే కుర్రాడు గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తండ్రి మీద పాట కట్టాడు" అంటే జిల్లా పేజీకి అంతకంటే మంచి వార్త ఏముంటుంది? దీనికి డబ్బులు అడిగేవాళ్లుంటే పక్కకు జరిగి ఇంకో పేపర్ వాళ్లను కలువు. గల్ఫ్‌లోనూ తెలుగు సంఘాలు, తెలంగాణ సంఘాలు బతుకమ్మ, ఉగాది, జూన్ 2 వేడుకలు చేసుకుంటాయి, వాటి నిర్వాహకులకు పంపు. ఆకాశవాణి ఆడిషన్ సంగతి కూడా కనుక్కో. డబ్బు పెద్దగా ఉండదు కానీ గ్రేడ్ వస్తే బయట మర్యాద వేరు.

స్పాటిఫై గురించి అడిగావు. పెట్టు, కానీ డబ్బు కోసం కాదు. అక్కడ 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి స్ట్రీమ్స్ రాని పాటకు రికార్డింగ్ తాలూకు పైసా లెక్కలోకే రాదు. అయినా పెట్టమని ఎందుకంటున్నానంటే, పంపిణీ కంపెనీ ద్వారా పాట ఇస్తే అది స్పాటిఫైతో పాటు జియోసావన్, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్‌లకు, అన్నిటికంటే ముఖ్యంగా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మ్యూజిక్ లైబ్రరీలకు పోతుంది. ఒమన్‌లోని సలాలా నుంచి సెలవుకొచ్చే తండ్రిని ఎయిర్‌పోర్టులో రిసీవ్ చేసుకుంటూ రీల్ తీసుకునే అమ్మాయికి, వెతకగానే నీ పాట దొరకాలి. ఆ రీల్ కింద నీ పేరు దానంతట అదే పడుతుంది. నీకు అసలైన ప్రమోషన్ అది.

పంపిణీ కంపెనీల్లో రకాలున్నాయి. డిస్ట్రోకిడ్ లాంటిది ఏడాదికింత అని తీసుకుంటుంది, కట్టడం మానేస్తే పాటలు కిందికి దిగిపోవచ్చు, ఉండిపోవాలంటే విడిగా కట్టాలి. సీడీ బేబీలో విడుదలకు ఒక్కసారి కడతావు, కానీ వచ్చేదాంట్లో కొంత శాతం వాళ్లది. ఏడాదికి మూడు నాలుగు పాటలు వదిలేవాడికి మొదటి రకం, ఎప్పుడో ఒకటి వదిలేవాడికి రెండో రకం నప్పుతాయి. బాపు పాట యూట్యూబ్‌లో ఇప్పటికే ఉన్నా మిగతా చోట్ల ఇంకా రాలేదు కాబట్టి స్పాటిఫైలో అది కొత్త విడుదలే. తేదీ మూడు నాలుగు వారాల ముందుకు పెట్టుకో, స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో చేరి, కనీసం ఏడు రోజుల ముందు ప్లేలిస్ట్ ఎడిటర్లకు పిచ్, అంటే పాట తీసుకోమనే వినతి, పంపు. వాళ్లు తీసుకోకపోయినా నిన్ను ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల జాబితాలో పాట కనపడుతుంది. ఆర్టిస్ట్ పేరు ముందే వెతుక్కో. అదే పేరుతో ఇంకొకరుంటే నీ పాటలు అతని పేజీలోకి పోతాయి, ఇంటిపేరో ఊరిపేరో కలుపుకో.

అప్‌లోడ్ చేసేముందు మీ ట్రాక్ ఫ్రెండ్‌తో ఒక కాగితం రాసుకోవాలి. అతను ఇంటర్నెట్‌లో దొరికిన బీటో లూపో వాడాడా అని సూటిగా అడుగు. వాడితే ఆ లైసెన్సు ఏమిటో చూడాలి, అలాంటి పాటను కంటెంట్ ఐడీలో (ఎవరి పాట ఎవరు వాడారో పట్టుకునే యూట్యూబ్ పద్ధతి) పెట్టకూడదు, అదే బీటు కొన్న ఇంకొకరి పాట మీద నీ క్లెయిమ్ పడి గొడవవుతుంది. సొంతంగా వాయించి ఉంటే, ఎవరి పని ఏమిటి, వచ్చేదాంట్లో ఎవరికెంత అనేది ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. స్నేహం బాగున్నప్పుడే ఈ పని అయిపోవాలి. స్టూడియోకు కట్టిన రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు దాచు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు హక్కుదారు నిర్మాత, అంటే చొరవ తీసుకుని బాధ్యత నెత్తిన వేసుకున్నవాడు. ఇక్కడ అది నువ్వు.

అందుకే కరీంనగర్ ఛానల్ బేరాన్ని చివరికి ఉంచాను. "పూర్తిగా ఇచ్చేయ్" అన్నారంటే రాత, బాణీ, రికార్డింగ్ మూడూ అడుగుతున్నారు. "మళ్లీ తీస్తాం" అన్నది ఏమిటో ముందు తేల్చుకో. నీ ఆడియో మీద కొత్త వీడియో తీస్తారా? వేరే సింగర్‌తో పాడిస్తారా? రెండోదైతే మీ బాపు కథ ఇంకొకరి గొంతులో వినపడుతుంది, జనం దాన్ని ఆ సింగర్ పాట అనుకుంటారు. 20 వేలకు అది పోగొట్టుకోవద్దని నా మాట.

చట్టం నీ వైపు ఎంత ఉందో తెలుసుకుని మాట్లాడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాయించుకోవడమన్నది సంతకమున్న కాగితం మీదే జరగాలి, ఫోన్లో ఒప్పుకున్నది చెల్లదు. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లనే లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. 2012లో వచ్చిన సవరణ ఇంకా గట్టిది: రచయిత, స్వరకర్త తమ హక్కులు అమ్ముకున్నా, ఆ రికార్డింగ్ వాడకంలో వచ్చే రాయల్టీలో కొన్నవాళ్లతో సమానమైన వాటాను వదులుకున్నట్టు రాసివ్వడానికి వీల్లేదు. రాసిచ్చినా చెల్లదు. ఆ రాయల్టీ వసూలు చేసేది ఐపీఆర్ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ), 1969లో మొదలైన సంస్థ, ఆఫీసు ముంబైలో. రచయితగా, స్వరకర్తగా అందులో సభ్యుడివై పాటల వివరాలు నమోదు చేయించు. నీ మూడు పాటలూ విడుదలయ్యాయి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

ఛానల్ వాళ్లతో తెగతెంపులు చేసుకోమనట్లేదు. వాళ్లకు లక్షల్లో చూసే జనం ఉంటే అది నీకూ పనికొస్తుంది. వాళ్లతో ఇలా చెప్పు: "అన్నా, పాట అమ్మను. నా ఆడియో మీదే వీడియో తీయండి, మీ యూట్యూబ్ ఛానల్లో రెండేళ్లు వేసుకోండి. ఆడియో యాప్‌లకు ఇచ్చేది, కంటెంట్ ఐడీలో పెట్టేది నేనే. రచన, సంగీతం, గానం అని నా పేరు టైటిల్ పక్కనే ఉండాలి." ఇందులో కంటెంట్ ఐడీ మాట మాత్రం మరచిపోవద్దు. వాళ్లు ఆడియోను అందులో ఎక్కించుకుంటే నీ సొంత ఛానల్లో ఉన్న నీ పాట మీదే వాళ్ల క్లెయిమ్ పడుతుంది, నీ పాటతో ఎవరు వీడియో పెట్టినా దాని డబ్బులు వాళ్లకే పోతాయి. ఈ షరతుల మీద 20 వేలు కాస్తా ఏడెనిమిది వేలకు దిగినా ఒప్పుకో. కుదరదంటే దండం పెట్టి వచ్చేయ్, వాళ్లు కాకపోతే డిసెంబర్‌లో ఇంకొకరు అడుగుతారు.

కాగితం వాళ్లే తయారుచేసి ఇస్తే అక్కడికక్కడ సంతకం పెట్టకు, ఇంటికి తెచ్చుకో. గడువు, ప్రాంతం, ఏయే హక్కులు, కంటెంట్ ఐడీ, పేరు ఎక్కడ వేస్తారు, ఈ ఐదు చోట్లా పెన్సిల్‌తో గీత గీసి జగిత్యాలలో ఎవరైనా అడ్వకేట్‌కు చూపించు. ఐదింటిలో ఏదైనా రాయకుండా వదిలేశారని తేలితే, అది చేర్చి తెచ్చేదాకా పెన్ను పట్టకు.